లిఫ్టు దిగని పిల్ల

మా బాబాయి పగలంతా బిల్డింగుల్లో లిఫ్టులు బాగుచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కంప్యూటర్ ముందు కూర్చుని మళ్ళీ లిఫ్టులే కట్టేవాడు. ఇది చూసి మా పిన్ని తల కొట్టుకోని రోజు లేదు.

"చేసే చాకిరీ చాలదన్నట్టు ఇంట్లో కూడా అదే పని. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అన్నారా?" అనేది.

బాబాయి సమాధానం చెప్పేవాడు కాదు. మాట్లాడకుండా నెగ్గుకురావడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

సన్నటి మనిషి. చొక్కా జేబులో టెస్టర్, చెవి మీద పెన్సిలు, ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ కింద నల్లటి గ్రీజు. ఏ బిల్డింగులోకి వెళ్ళినా ముందు లిఫ్టు తలుపుకు చెవి ఆనించి వినాల్సిందే. ఒకసారి ఎవరిదో పెళ్ళికి తీసుకెళితే, భోజనం మానేసి లిఫ్టు దగ్గర నిలబడి, "పైన బేరింగు పోతోంది, ఎవరికన్నా చెప్పండి" అని పెళ్ళికొడుకు తండ్రిని పట్టుకున్నాడు. ఆయన ఈయన్ని వడ్డించడానికి వచ్చిన మనిషనుకుని, "ముందు అన్నం సంగతి చూడవయ్యా" అన్నాడు. పిన్ని ఆ మాటను చాలాకాలం మర్చిపోనివ్వలేదు.

ఆయనకు రెండు అలవాట్లుండేవి. లిఫ్టులో కొత్త భాగం బిగించాక పాతదాన్ని పారేసేవాడు కాదు. గుడ్డలో చుట్టి, బిల్డింగు పేరు రాసిన చీటీ కట్టి, పైన మోటారు గదిలో మేకుకు తగిలించేవాడు. కొత్తది మొరాయిస్తే పాతదే దిక్కని ఆయన వాదన. "అయినా అది మన సొత్తు కాదమ్మా, బిల్డింగు వాళ్ళది. పారేయమంటే పారేద్దాం, అడిగితే ఇచ్చేద్దాం. చెప్పకుండా మనమే పారేస్తే ఎలా?" అనేవాడు. రెండో అలవాటు, ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే వెళ్ళీవెళ్ళగానే తలుపు మీద చెయ్యి వేసేవాడు కాదు. ముందు తలుపు సందులోంచి, "నేనొచ్చాను, ఇక్కడే ఉన్నా" అని చెప్పి, లోపలినుంచి మాట వచ్చాకే పనిముట్లు తీసేవాడు. ఇరుక్కున్నవాళ్ళకు గాలికన్నా ముందు మాట కావాలట.

ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు. జరిగిందంతా వీటివల్లే జరిగింది.

నేను వాళ్ళ మేడ మీద వాటాలో ఉంటాను. కారు నడపడం నేర్పడం నా ఉద్యోగం. రోజంతా పక్కసీట్లో కూర్చుని, అవతలివాడు తొక్కాల్సిన బ్రేకును నేను తొక్కుతూ బతుకుతున్నదాన్ని కాబట్టి నాకు ఓపిక కొంచెం తక్కువే. ఆటలంటే అసలు గిట్టదు. కానీ బాబాయి ఏ మార్పు చేసినా అది పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఇంకో మనిషి కావాలి. పిన్ని ఛస్తే చూడదు. అలా ఆ బాధ్యత అన్నకూతురి నెత్తిన పడింది.

ఆ ఆటను ఎక్కడో ఒక మొగుడూ పెళ్ళాం ఇద్దరే కూర్చుని తయారుచేశారు. కొండ మీద ఒక ఊరు. అందులో తుపాకులు లేవు, యుద్ధాలు లేవు. ఎత్తైన ఇళ్ళు, వాటి నిండా మెట్లు. మనం ఆ ఊరికి కొత్తగా వచ్చిన మరమ్మతుల మనిషిమన్నమాట. కారే కుళాయిలు, ఆగిన గడియారాలు, మూసుకోని కిటికీలు బాగుచేసుకుంటూ ఇల్లిల్లూ తిరగాలి. ఊళ్ళోవాళ్ళు తెల్లారితే లేస్తారు, పనుల్లోకి వెళతారు, పొద్దుగూకితే ఇళ్ళకు చేరతారు. బాబాయికి అన్నీ నచ్చాయి, ఒక్కటి తప్ప.

"కర్ర పట్టుకుని నడిచే ముసలాయన్ని పై అంతస్తులో పెట్టారు చూడు. రోజూ అన్ని మెట్లెక్కించడానికి వీళ్ళకు మనసెలా ఒప్పిందో" అన్నాడు.

అలా మొదలైంది. ఒకరు చేసిన ఆటకు ఇంకొకరు తమ చేర్పులు తగిలించడాన్ని మాడింగ్ అంటారట. బాబాయి చేర్పు లిఫ్టులు. వాటి తీగలూ పుల్లీలూ నిజం లిఫ్టుల్లాగే కదిలేవి. వినడానికి కూడా, మా వీధి చివర ఆస్పత్రిలో ఉన్న పాత లిఫ్టు మూలుగు రికార్డు చేసి పెట్టాడు. ఆడేవాళ్ళకు అది ఎందుకు నచ్చిందో నాకిప్పటికీ తెలీదు. ఆయన నెట్లో పెడితే చాలామందే దించుకుని వాడేవాళ్ళు.

అయితే అందులో ఒక తిప్పలుంది. పైవాళ్ళు, అంటే ఆ మొగుడూ పెళ్ళాం, తమ కోడ్ అంతా ఎవరైనా చూసుకునేలా తెరిచి పెట్టారు. అది గిట్ అనే ఏర్పాటులో ఉంటుంది. ఎవరు ఏ వాక్యం రాశారు, ఏది కొట్టేశారు, ఎందుకు కొట్టేశారు, మొత్తం దాచిపెడుతుంది. అందులో ఒకసారి పెట్టింది తర్వాత తీసేసినా చరిత్రలో ఎక్కడో ఉంటుంది. బాబాయి దాన్నుంచి ఒక పాయ చీల్చి తెచ్చుకుని తన లిఫ్టులు పెట్టుకున్నాడు. పైన వాళ్ళు కొత్త మార్పులు వదిలినప్పుడల్లా వాటిని కిందికి తెచ్చి తన పాయలో కలుపుకోవాలి. లేకపోతే ఊరు ఒక దారి, లిఫ్టులు ఒక దారి అవుతాయి. చాలావరకు గిట్ తనంతట తనే కలిపేస్తుంది. ఒకే చోట వాళ్ళూ చెయ్యి పెట్టి, ఈయనా చెయ్యి పెట్టి ఉంటే మాత్రం ఆగిపోయి, ఎవరి మాట ఉంచమంటావని అడుగుతుంది. దానికి కాన్‌ఫ్లిక్ట్ అని పెద్ద పేరు. మా పిన్ని పేచీ అనేది.

"ఇవాళెన్ని పేచీలు వచ్చాయి?" అని వంటింట్లోంచి అడిగేది. "మనుషుల పేచీలైతే చెప్పు, వచ్చి తీరుస్తా."

ఊళ్ళో ప్రతి మనిషికీ ఒక ఫైలు ఉంటుంది. వాడు ఎప్పుడు లేవాలి, ఎక్కడికెళ్ళాలి, ఏం మాట్లాడాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. వాళ్ళందరికీ లిఫ్టెక్కడం నేర్పాలి కాబట్టి బాబాయి ప్రతి ఫైల్లోనూ కొన్ని వాక్యాలు చేర్చాడు. ఆ జనంలో ఒక చిన్నపిల్ల ఉండేది. ఎండ కాస్తున్నా పసుపు రంగు వానకోటు విప్పేది కాదు. మనం కుళాయి విప్పుతుంటే వెనకనుంచి వచ్చి స్క్రూడ్రైవర్ ఎత్తుకుపోయి మెట్ల కింద దాక్కునేది. ఆ ఆట మొత్తంలో నాకు నచ్చిన మనిషి అదొక్కతే.

ఒకరోజు పైనుంచి మార్పులొచ్చాయి. వాన కురిసే తీరు మార్చారు, ఇంకా ఏవో చిల్లర పనులు. కలుపుతుండగా గిట్ ఆగింది. ఈ పిల్ల ఫైలును పైవాళ్ళు తీసేశారు, నువ్వేమో అందులో మార్పులు చేసుకున్నావు, ఉంచాలా తీసేయాలా అని అడుగుతోంది. తీసేసినప్పుడు పైవాళ్ళు రాసిన కారణం చూస్తే ఒక్కటే మాట ఉంది: తీసేశాను.

"ఇదేం రాత?" అన్నాడు బాబాయి. "ఎందుకో చెప్పకుండా తీసేస్తారా ఎవరన్నా? రేపు మళ్ళీ కావాలంటే?"

టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకునే ఉన్నాడు. కుడిచేత్తో ఉంచమని నొక్కాడు. మేకుకు తగిలించినంత తేలిగ్గా ఆ పని అయిపోయింది. నేనూ పక్కనే ఉన్నాను, మంచిపని చేశాడనే అనుకున్నాను.

పేచీ వచ్చినచోట మనిషి కళ్ళు పెట్టి చూస్తాడు. పేచీ రానిచోట ఏం పోయిందో ఎవరు చూస్తారు? అదే రోజు, ఏ గొడవా లేకుండా, ఇంకా కొన్ని మార్పులు మా పాయలోకి వచ్చి కలిసిపోయాయి. వాటిని మేం చూడలేదు.

కొన్నాళ్ళకు ఆడేవాళ్ళ దగ్గరినుంచి కబుర్లు రావడం మొదలైంది. మీ లిఫ్టులో ఒక పిల్ల ఉంది, చీకటి పడ్డాక ఎక్కుతుంది, ఇక దిగదు. ఇంకొకరు వీడియో పెట్టారు. ఎవరో దెయ్యంపిల్ల అని పేరు పెట్టేశారు. దాంతో మా లిఫ్టులకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. కష్టపడి చేసిన పుల్లీలను ఒక్కడూ మెచ్చుకోలేదు, పొరపాటున వచ్చిన దెయ్యాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నారు.

"పిల్లాపీచూ లేని ఇల్లని దెయ్యాన్ని పెంచుతున్నారా ఏం?" అంది పిన్ని. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు నాకు బాగా తెలుసు. వాళ్ళకు పిల్లల్లేరు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని చూశాం. ఆటలో పొద్దుగూకింది. ఒక్కొక్క కిటికీలో దీపం వెలిగింది. కర్ర ముసలాయన లిఫ్టెక్కి పైకెళ్ళి తన తలుపు వేసుకున్నాడు. రొట్టెల కొట్టువాడు షట్టరు దించాడు. వీధి ఖాళీ అయింది. అప్పుడు పసుపు కోటు మెట్ల మీదినుంచి లేచి లిఫ్టులోకి వచ్చి నిలబడింది. లిఫ్టు పైకి వెళ్ళింది. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఎదురుగా గోడ. పిల్ల ఆ గోడ వంక చూసింది. తలుపు మూసుకుంది, లిఫ్టు కిందికి దిగింది. కింద తలుపు తెరుచుకుంది, పిల్ల వీధివంక చూసింది. మళ్ళీ పైకి. మళ్ళీ గోడ. ఆస్పత్రి లిఫ్టు మూలుగు ఒక్కటే వినపడుతోంది.

పట్టపగలు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది, బయట ఎవరో స్కూటరు స్టార్టవక తన్నుకుంటున్నారు. అయినా నాకు భయమేసింది.

"ఆపండి దాన్ని" అంది పిన్ని.

బాబాయి ఆపలేదు. "ఇది లిఫ్టులో లోపం కాదు. అది దేనికోసమో చూస్తోంది" అన్నాడు. తర్వాత చాలాసేపటికి, "ఇన్నేళ్ళలో లిఫ్టుల్లోంచి మనుషుల్ని బయటికి తీశానే గానీ ఎవరినీ ఇరికించలేదే" అన్నాడు, తనలో తనే.

ఆనాటినుంచి ఆయన మనిషి మనిషిలా లేడు. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కునేవాడు. ఆస్పత్రి లిఫ్టు ఎవరూ నొక్కకుండానే ఏదో అంతస్తులో ఆగితే, ఇదివరకైతే బటన్ల పలక విప్పేవాడు, ఇప్పుడు లోపలికి తొంగిచూసి కాసేపు నిలబడుతున్నాడని ఆయనతో పనిచేసే వైరింగు మనిషి వచ్చి పిన్నికి చెప్పాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను సణిగాను. తీసేయమన్నప్పుడే తీసేస్తే పోయేదిగా అన్నాను. ఆయన నా వంక చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

పిల్ల ఫైలు తెరిచి ఒక్కొక్క వాక్యం చదివాడు. నాకూ చూపించాడు. పొద్దుగూకాక ఏం చెయ్యాలో అందులో ఇలా ఉంది: ఇంటినుంచి పిలిచేదాకా ఆడుకో. పిలిస్తే వస్తున్నానని పలికి ఇంటికి వెళ్ళు.

"మరి పిలుపేది?" అన్నాను.

చరిత్రలో వెతికితే దొరికింది. పిల్లను తీసేసిన రోజునే, నాలుగో అంతస్తు ఇంట్లో ఉండే పిల్ల తల్లి ఫైల్లోంచి పిలిచే వాక్యాన్ని కూడా తీసేశారు. ఆ ఇంటి మొగుడూ పెళ్ళాల్ని కింద వీధిలోకి మార్చేశారు. ఇంటి తలుపు ఉన్నచోట గోడ పెట్టేశారు. పిల్ల పలికే గొంతు ఉన్న ఫైలూ తీసేశారు. తల్లి ఫైల్లో బాబాయి చేర్చిన వాక్యాలు వేరే చోట ఉన్నాయి. తీసేసిన ఏ ఒక్క చోటా ఆయన చెయ్యి పెట్టి ఉండలేదు కాబట్టి గిట్ ఏమీ అడగలేదు, నిశ్శబ్దంగా కలిపేసింది. మేం ఉంచుకున్నది పిల్లను ఒక్కదాన్నే. ఇల్లు లేదు, పిలిచేవాళ్ళు లేరు, పలకడానికి గొంతు లేదు. ఊరంతటిలో దాన్ని ఎరిగినది బాబాయి పెట్టిన లిఫ్టు ఒక్కటే, అందుకే అందులో తిరుగుతోంది.

పాత పిలుపూ, పిల్ల గొంతూ రెండూ రికార్డింగులుగా చరిత్రలో భద్రంగా ఉన్నాయి. నొక్కితే వినపడతాయి.

"నొక్కు బాబాయ్, విందాం" అన్నాను.

"ఒకళ్ళింటి పిలుపమ్మా అది. మనం వినకూడదు."

నేనైతే వినేసేదాన్నే. ఆయన మాత్రం పైవాళ్ళకు రెండు ముక్కలు రాశాడు. మీరు తీసేసిన పిల్ల నా దగ్గర ఉండిపోయింది, ఏం చెయ్యమంటారు అని. జవాబుగా ఒక సాయంత్రం కంప్యూటర్‌లోనే ఫోన్ మోగింది. బొమ్మ లేదు, గొంతు మాత్రమే వచ్చింది. ఆడమనిషి గొంతు.

"లిఫ్టులు పెట్టింది మీరేనా అండీ?"

"నేనేనమ్మా."

"ఆ ఆట మాదండీ. మావారు మనుషుల్ని చేస్తారు, నేను ఇళ్ళు కడతాను. మీరు రాసేముందే ఎవరో వీడియో పంపించారు. మీ ఆటలో దెయ్యం భలే ఉందండీ అని మెచ్చుకుంటూ పంపించారు. అది మా పాపండీ."

పిన్ని గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ కోటు దానిదే. ఆ గొంతూ దానిదే, ఇంట్లో ఆడుకుంటుంటే రికార్డు చేశాం. స్క్రూడ్రైవర్ ఎత్తుకుపోవడం కూడా అదే, వాళ్ళ నాన్నతో అలాగే ఆడేది. జ్వరం వచ్చి పోయిందండీ. అది పోయాక మావారు ఆట తెరవలేకపోయారు. ఒకరోజు కూర్చుని తీసేశారు."

"తెలీక చేశానమ్మా" అన్నాడు బాబాయి. ఆయన గొంతు ఎప్పుడూ అలా వినలేదు. "ఇప్పుడే తీసేస్తాను."

"ఆ మాట చెప్పడానికే చేశానండీ. మావారు తీసేయించమన్నారు. కానీ ఆ వీడియో పెట్టుకుని చూస్తున్నాను రోజూ. తీసేయమనడానికి నోరు రావట్లేదు. అలా తిరుగుతుంటే చూడనూలేను. అదెందుకు దిగట్లేదండీ? నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంటోంది కదా. అది మా ఇల్లే కదా."

బాబాయి నా వంక చూశాడు.

"అక్కడ గోడ ఉందమ్మా" అన్నాడు.

"ఆ గోడ నేనే కట్టాను" అందావిడ.

అవతల ఎక్కడో గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"ఆ ఇల్లు చూడలేక కట్టానండీ. కట్టినప్పుడు అది బయట ఉందనుకోలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. పిన్ని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది, నీళ్ళు పోతూనే ఉన్నాయి. బాబాయి మాత్రం ముందుకు వంగి, తలుపు సందులోంచి మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడాడు.

"నేనిక్కడే ఉన్నానమ్మా. ఇంకో సంగతి చెప్పనా? గోడ ఒక్కటే కాదు. పిలిస్తేగానీ ఇంటికి వెళ్ళకూడదని దాని ఫైల్లో రాసి ఉంది. పిలుపు తీసేశారు కదా, అందుకని."

"నిజంగానూ అంతేనండీ" అందావిడ. ఆ మాటతో పాటు చిన్న నవ్వు కూడా వచ్చింది. "పిలిస్తేగానీ వచ్చేది కాదు."

"మీ పాత పిలుపు చరిత్రలో దొరికింది. నేను వినలేదు. మీరు సరేనంటే అదే పెడతాను."

"అది వద్దండీ. అందులో విసుక్కున్నాను. ఎన్నిసార్లు పిలవాలే నిన్ను అని. అప్పుడు బాగుందనుకున్నాం, నిజంలాగా ఉందని. నేను కొత్తగా పిలిచి పంపుతాను. దాని గొంతు మాత్రం పాతదే పెట్టండి. ఇంకోటి లేదు."

"గోడ?"

"తీసేయండి. తలుపు ఎలా ఉండేదో చరిత్రలో ఉంటుంది. ఉన్నదున్నట్టు పెట్టండి. మావారికి నేను ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలీదు."

"చూడండమ్మా" అన్నాడు బాబాయి. "పాప మీది. నాది కాదు. నా దగ్గర ఊరికే ఉంది. ఇమ్మన్న రోజు ఇచ్చేస్తాను, తీసేయమన్న రోజు తీసేస్తాను. అందాకా లిఫ్టులో వదిలెయ్యను."

ఆవిడ పిలుపు రావడానికి చాలా రోజులు పట్టింది. ఇక పంపదేమో అని పిన్ని, ఎలా పంపుతుందిలే అని నేను. వచ్చిన రోజు బాబాయి చొక్కా కూడా మార్చుకోకుండా కూర్చున్నాడు. చరిత్రలోంచి తలుపును తెచ్చి గోడ ఉన్నచోట పెట్టాడు, ఒక్క అక్షరం మార్చకుండా. మొగుడూ పెళ్ళాల్ని పైకి తెచ్చాడు. పిల్ల గొంతును దాని చోట పెట్టాడు. పిలుపును తల్లి ఫైల్లో చేర్చాడు. ఏం మార్చావో రాయమని గిట్ అడిగితే, ఎప్పుడూ పేజీ నింపే మనిషి, పిల్లను ఇంటికి చేర్చాను అని మాత్రం రాశాడు.

ఆటలో పొద్దుగూకింది. కిటికీల్లో దీపాలు వెలిగాయి. పసుపు కోటు లిఫ్టెక్కింది. నాలుగో అంతస్తు తలుపు ఇంకా తెరుచుకోకముందే పైనుంచి పిలుపు వినపడింది.

"చిన్నీ, చీకటి పడుతోందమ్మా. ఇంటికి రా."

రా అన్నచోట ఆవిడ గొంతు కొంచెం తప్పింది. మళ్ళీ పిలిచి పంపొచ్చు, కానీ అదే ఉంచింది. పిల్ల తల ఎత్తింది. ఇన్నాళ్ళూ నోరు లేకుండా తిరిగిన పిల్ల, ముద్దముద్దగా, ఆటలోంచి రావడం ఇష్టంలేని గొంతుతో, "వస్తున్నా, వస్తున్నా" అంది. లిఫ్టు తెరుచుకుంది. దిగింది. తలుపులోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది, లోపల దీపం కనపడింది. ఖాళీ లిఫ్టు మూలుగుతూ కిందికి దిగింది.

బతికున్నవాళ్ళ గొంతుకూ పోయినవాళ్ళ గొంతుకూ తేడా తెలుస్తుందంటారు. నాకేమీ తెలియలేదు. ఎవరో పక్కగదిలోంచి పలికినట్టే ఉంది. ఆ రాత్రి నా వాటాలోకి వెళ్ళడానికి మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

ఆడేవాళ్ళకు కోపమొచ్చింది. దెయ్యాన్ని ఎందుకు తీసేశారు, అదొక్కటే బాగుండేది అని రాశారు. బాబాయి అందరికీ ఒకటే జవాబిచ్చాడు. ఇంటికి వెళ్ళిందండీ. చాలామంది మా లిఫ్టులు మానేశారు. ఆయన పట్టించుకోలేదు, మళ్ళీ అన్నం సరిగ్గా తింటున్నాడు, అది చాలు మాకు.

కానీ ఇంకో భయం పట్టుకుంది. పైవాళ్ళ దగ్గరినుంచి కబురు లేదు. ఆవిడ భర్తకు చెప్పిందో లేదో తెలీదు. ఆయనకు తెలిసి ఒళ్ళు మండితే, రేపు వచ్చే మార్పుల్లో ఆ ఇంటినే మొత్తం లేపేయొచ్చు. అప్పుడు తలుపు దగ్గర పేచీ, పిలుపు దగ్గర పేచీ. ఉంచమని నొక్కాలా, తీసేయమని నొక్కాలా? "పిల్ల తండ్రి వద్దంటే నేను ఉంచడానికి ఎవర్ని?" అని అడిగాడు పిన్నిని. ఎప్పుడూ ఏదో ఒకటి అనే పిన్ని ఆ ఒక్కసారి ఆయన చేతిలో టీ గ్లాసు పెట్టి లోపలికి వెళ్ళింది.

వానలు తగ్గుముఖం పట్టాక పైనుంచి మార్పులొచ్చాయి. ఆ సాయంత్రం పిన్ని పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. బాబాయి టీ కూడా వద్దన్నాడు. కలపమని నొక్కి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

కలిసిపోయింది. ఒక్క పేచీ లేదు.

"ఆ ఇంటి జోలికి రాలేదేమో" అన్నాను. నాకు బరువు దిగినట్టయింది.

బాబాయి తల అడ్డంగా తిప్పాడు. పేచీ లేనిచోట చూడకపోతే ఏమవుతుందో ఆయనకు తెలిసొచ్చింది కదా. వచ్చిన మార్పులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. వాటిలో ఒకటి నాలుగో అంతస్తుది. గోడ తీసేసి, చరిత్రలోంచి పాత తలుపును తెచ్చి ఉన్నదున్నట్టు పెట్టారు. మొగుడూ పెళ్ళాల్ని పైకి తెచ్చారు. ఆవిడ పిలిచిన కొత్త పిలుపును దాని చోట చేర్చారు. మేం చేసినదే, అదే తలుపు, అదే పిలుపు. చేసిన మనిషి పేరు చూస్తే ఆవిడది కాదు, భర్తది. కారణం దగ్గర రాశాడు: తలుపు తెరిచాం.

"మరి ఇద్దరూ ఒకేచోట చెయ్యి పెట్టారు కదా, పేచీ రాలేదేం?" అంది పిన్ని.

"రెండువైపులా ఒకే మార్పు చేస్తే అదింక ఏమీ అడగదు" అన్నాడు బాబాయి.

పిల్ల ఫైలు ఎక్కడుందని వెతికాను. వాళ్ళ దగ్గర లేదు. దాన్ని మాత్రం వెనక్కి తేలేదు.

బాబాయి మా లిఫ్టులు పక్కనపెట్టి, వాళ్ళ ఊరిని ఉన్నదున్నట్టు తెరిచాడు. అందులో లిఫ్టులు లేవు, మెట్లే. పొద్దుగూకింది. దీపాలు వెలిగాయి. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుని ఆవిడ బొమ్మ గుమ్మంలోకి వచ్చింది. "చిన్నీ, చీకటి పడుతోందమ్మా. ఇంటికి రా." మెట్ల మీద ఎవరూ లేరు. ఎవరూ పలకలేదు. ఆవిడ అక్కడే నిలబడింది. ఊళ్ళో అన్ని తలుపులూ మూసుకున్నాయి, ఆ ఒక్కటి తప్ప.

బాబాయి దాన్ని మూసేసి మా ఊరిని తెరిచాడు. పిన్ని లేచి పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది. వంట ధ్యాసలోనే ఉన్నట్టు గిన్నెలు సర్దుతూనే అక్కడినుంచి అడిగింది.

"వచ్చిందా పిల్ల?"

"వస్తోంది" అన్నాడు బాబాయి.